ప్రవాహచిత్ర ప్రోగ్రామింగు: నేర్చువారు ఎన్నుకొనవలసిన అమరిక

పరవాడ సమీపించువారికి దూరమునుండియే సింహాద్రి తాపవిద్యుత్కేంద్రపు పొగగొట్టములు కనిపించును. 2002లో రెండు యూనిట్లతో మొదలై, 2011, 2012 సంవత్సరములలో మరి రెండింటిని చేర్చుకొని, ఒక్కొక్కటి 500 మెగావాట్ల చొప్పున మొత్తము 2000 మెగావాట్ల సామర్థ్యమును పొందిన కేంద్రమిది. దాని చేరువనే జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీలో మందుల కర్మాగారములు గలవు. ఇట్టి చోట్ల ఉష్ణోగ్రతను, పీడనమును, నీటి మట్టమును అనుక్షణము గమనించుచు, మోటార్లను, వాల్వులను నడపుటకు కంప్యూటర్లు తోడ్పడుచున్నవి. వానికి పని చెప్పు ప్రోగ్రాములలో పెక్కు అక్షరముల పంక్తులుగా గాక బొమ్మలుగా గీయబడియుండును.

మన శ్రోతల ఇండ్లలో పాలిటెక్నిక్కులోనో, ఇంజనీరింగు కళాశాలలోనో చదువుకొను పిల్లలున్నచో, వారి కంప్యూటరు తెరమీద ఇట్టి బొమ్మలను పెద్దలు చూచియే యుందురు. చిన్న చిన్న పెట్టెలు, వానిని కలుపు రంగురంగుల తీగలు. వానిని గీయుట నేర్చుకొనుట కష్టము కాదు. అయితే గీచిన పెట్టెలు పది దాటి నూరైనప్పుడు వానిని ఏ అమరికలో ఉంచవలెనను ప్రశ్న వచ్చును. పిల్లలు సాధారణముగా ఈ ప్రశ్నను చివరకు వాయిదా వేయుదురు. దానిని మొదటనే తేల్చుకొనవలెననియు, అందుకు పెద్ద పాండిత్యము అక్కరలేదనియు మేము ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

ముందుగా ఈ బొమ్మల స్వభావమును తెలిసికొందము. మామూలు ప్రోగ్రాములో ఆజ్ఞలు ఒకదాని క్రింద ఒకటి వ్రాయబడియుండును. కంప్యూటరు వానిని పైనుండి క్రిందికి నెరవేర్చుకొనుచు పోవును. ప్రవాహచిత్రములో అట్టి వరుస లేదు. ఒక పెట్టె తనకు కావలసిన విలువలన్నియు తీగల వెంట వచ్చి చేరిన పిమ్మటనే పని ప్రారంభించును. పని ముగిసిన వెంటనే ఫలితమును తరువాతి పెట్టెకు పంపును. మన వంటింట పులిహోర చేయు తీరు ఇట్టిదే. ఒక పొయ్యిమీద అన్నము ఉడుకుచుండును. వేరొకదానిమీద చింతపండు పులుసు మరుగుచుండును. ఇంకొకచోట పోపు వేగుచుండును. ఈ మూడింటిలో ఏదియు మరియొకదాని కొరకు ఆగదు. కలుపుట మాత్రము మూడును సిద్ధమైన పిమ్మటనే జరుగును. ఈ క్రమమును ఎవ్వరును కాగితముమీద వ్రాసిపెట్టనక్కరలేదు. అది పదార్థముల రాకనుబట్టి తనంతట తానే ఏర్పడును.

ఇందుచేత నేర్చువారికి ఒక లాభమును, ఒక ప్రమాదమును గలవు. లాభమేమన, సంబంధము లేని పనులు ఒకేసారి సాగగలవు. ప్రమాదమేమన, తెరమీద ఎడమవైపున గీచిన పెట్టె ముందు పని చేయునని పిల్లలు భ్రమపడుదురు. రెండు పెట్టెల నడుమ తీగ లేనిచో ఏది ముందో, ఏది వెనుకో ఎవ్వరును చెప్పజాలరు. వాల్వు తెరచుట ఒక పెట్టె, మోటారు వేయుట వేరొక పెట్టె అనుకొందము. వాల్వు తెరచిన పిమ్మటనే మోటారు తిరుగవలెనన్నచో, మొదటి పెట్టెనుండి రెండవదానికి తీగ ఉండి తీరవలెను. నిన్న సరిగా నడచిన బొమ్మ నేడు తప్పుటకు ఈ తీగ లేకపోవుట తరచు కారణమగును.

ఈ విద్య నేటిది కాదు. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో విలియం సదర్లాండ్ అను పరిశోధకుడు ప్రోగ్రామును తెరమీద బొమ్మగా గీయు పద్ధతినిగూర్చి సిద్ధాంతవ్యాసము సమర్పించెను. తరువాతి దశాబ్దములలో అదే సంస్థలో జాక్ డెన్నిస్, కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి వెళ్లిన మన దేశీయుడు అరవింద్ మొదలైనవారు దత్తాంశప్రవాహ సిద్ధాంతమును పెంపొందించిరి. టెక్సాసు రాష్ట్రమందలి ఆస్టిన్ నగరపు నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1986లో ల్యాబ్‌వ్యూ అను సాధనమును వెలువరించెను. దానికి మూలపురుషులు జెఫ్ కొడొస్కీ, జేమ్స్ ట్రూచార్డ్. కళాశాలల ప్రయోగశాలలలో పిల్లలు నేర్చుచున్నది ఎక్కువగా ఇదియే. వ్యాపారముకాని పనులకు 2020 నుండి దీనిని ఉచితముగా ఇచ్చుచున్నారు. కర్మాగారములలో వాడు నియంత్రణ యంత్రములకు 1993లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణములో సైతము పెట్టెలు, తీగలతో గీయు భాష ఒకటి చేర్చబడినది.

ఇక అసలు విషయమునకు వత్తము. అందరికిని తెలిసిన ఇంటి నీళ్ల మోటారునే ఉదాహరణముగా తీసికొందము. మేడమీద ట్యాంకు, నేలలో బోరు, నడుమ మోటారు. ట్యాంకులో నీరు తగ్గినప్పుడు మోటారు వేయవలెను; నిండినప్పుడు ఆపవలెను. దీనికి ఒక్క ఆవృత్తి చాలును. నేర్చువారు దీనిని లూపు అందురు. నీటి మట్టమును చూచుట, పోల్చుట, మోటారునకు ఆజ్ఞ ఇచ్చుట, మరల చూచుట, ఇంతే. ఇట్టి చిన్న పనికి పెద్ద అమరికను తెచ్చిపెట్టుట పెరటి పాదులకు నీరు పోయుటకు ఆనకట్ట కట్టుట వంటిది.

కాని ఇందులో ఒక చిక్కు ఉన్నది. తొంబది వంతుల మట్టము దాటినప్పుడు ఆపి, తగ్గిన వెంటనే వేయుమన్నచో, నీటి అలకొకసారి మోటారు ఆగుచు, తిరుగుచు చెడిపోవును. అందుచేత ముప్పది వంతులకు దిగినప్పుడు వేసి, తొంబది వంతులకు చేరినప్పుడు ఆపవలెను. నడుమనున్నప్పుడో? అంతకుముందు ఏ స్థితిలో నున్నదో ఆ స్థితిలోనే ఉంచవలెను. అనగా మోటారు తిరుగుచున్నదా, ఆగియున్నదా అను సంగతి ప్రోగ్రామునకు జ్ఞాపకముండవలెను. ల్యాబ్‌వ్యూలో ఈ జ్ఞాపకమును లూపు అంచున ఉండు షిఫ్ట్ రిజిస్టరు అను సాధనము నిలుపును. ఒక ఆవృత్తి చివర దానిలో ఉంచిన విలువ తరువాతి ఆవృత్తి మొదట చేతికి వచ్చును.

మరి కొంత ముందుకు పోదము. వేసవిలో బోరు ఎండును. మోటారు తిరుగుచున్నను నీరు రాదు. అప్పుడు మోటారును ఆపి, అరగంట ఆగి, మరల ప్రయత్నించవలెను. మూడు మారులు విఫలమైనచో గంట మ్రోగించి ఇంటివారిని పిలువవలెను. ఇక్కడ తరువాత చేయవలసినది కేవలము నేటి నీటి మట్టమునుబట్టి తేలదు. ఇంతవరకు జరిగినదానినిబట్టి తేలును. ఇట్టి పనికి తగినది స్టేట్ మెషీను. దీనిని మనము దశల అమరిక అనవచ్చును. విరామము, నింపుట, ఎదురుచూచుట, లోపము అని పనిని దశలుగా విభజింతురు. ఏ దశలో ఏమి చేయవలెను, ఏ కారణమున ఏ దశకు పోవలెను అను రెండు సంగతులు నిర్ణయింతురు. 1955లో జార్జి మీలీ, 1956లో ఎడ్వర్డ్ మూర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈ విధానమును శాస్త్రబద్ధముగా వివరించిరి. బొమ్మలో ఇది ఒక లూపు, దానిలో దశకొక్క గది చొప్పున కేస్ నిర్మాణము, ప్రస్తుత దశ పేరును నిలుపు షిఫ్ట్ రిజిస్టరు; ఈ మూడింటితో ఏర్పడును.

దీని విలువ తెలియవలెనన్నచో మరల పెద్ద పొగగొట్టముల వైపు చూడవలెను. బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రములో బాయిలరును వెలిగించుట దశలవారీగా జరుగును. మొదట కొలిమిలో మిగిలియున్న మండు వాయువులను గాలితో తోలివేయుదురు. దీనిని పర్జ్ అందురు. సాధారణముగా ఐదు నిమిషములకు తక్కువ కాకుండ సాగును. తరువాత నూనె మంటలు వెలిగింతురు. అవి నిలకడగా మండుచున్నవని జ్వాలాసూచకములు చెప్పిన పిమ్మట బొగ్గు పొడిని పంపుదురు. ఏ దశలోనైనను కొలిమిలో మంట పూర్తిగా ఆరిపోయినచో ఇంధనమునంతయు తక్షణము ఆపివేయుదురు. ఆపిన పిమ్మట నేరుగా వెలిగించు దశకు పోవుటకు వీలులేదు. మరల పర్జ్ నుండియే ప్రారంభించవలెను. ఏలనన, మంట ఆరిన కొలిమిలో మండని ఇంధనము చేరియుండును. దానికి నిప్పు తగిలినచో బాయిలరే ప్రేలిపోవచ్చును. దశల పటములో ఆపుదల నుండి వెలిగించుటకు బాణము గీయకుండుటయే ఇక్కడి రక్ష. ఏమి చేయవలెనో చెప్పుటతో పాటు, ఏ దారి లేదో స్పష్టముగ చూపుట ఈ అమరికయొక్క గుణము.

నేర్చువారు దీనికి బదులుగా సులభముగ తోచు మరియొక మార్గమును పట్టుదురు. సినిమా ఫిలిము చట్రములవలె ఒకదాని ప్రక్క ఒకటి పేర్చిన చట్రములలో పనులను వరుసగా ఉంచుదురు. మొదటి చట్రము ముగియగానే రెండవది, దాని పిమ్మట మూడవది. చూచుటకు ఇంపుగానే ఉండును. కాని ఒకసారి ప్రారంభమైనచో చివరి చట్రమువరకు పోవలసినదే. నడుమ వెలికి వచ్చు దారి లేదు.

దీని ఫలితమును మేము కన్నులార చూచితిమి. మాకు తెలిసినవారి అబ్బాయి ఇంజనీరింగు చదువుచు, ఇంటిలోనే ఒక చిన్న ప్రయోగము అమర్చుకొనెను. ఒక పాత్రలో నీరు నింపుట, హీటరుతో వేడిచేయుట, పది నిమిషములు అదే వేడిలో నిలుపుట, తరువాత వదలివేయుట. నాలుగు పనులు, నాలుగు చట్రములు. మూడవ చట్రములో పది నిమిషముల నిరీక్షణ. మేము చూచుచుండగా పాత్ర అడుగున రబ్బరు గొట్టము ఊడి నీరు కారిపోసాగెను. హీటరు బయటపడుచున్నది. ఆ అబ్బాయి తెరమీద ఆపు మీటను నొక్కెను. మీట లోనికి పోయినట్లు కనిపించెను; హీటరు మాత్రము ఆగలేదు. మీటను చూచు పెట్టె ఆ నాలుగు చట్రముల వెలుపల ఉన్నది. అవి ముగిసినగాని దాని వంతు రాదు. అతడు మరల మరల నొక్కుచుండగా, వంటింటినుండి వచ్చిన తల్లి గోడ స్విచ్చి ఆపివేసినది. "అమ్మా, నేను ఎప్పుడో నొక్కాను" అని ఆ అబ్బాయి అన్నాడు. అతడు చెప్పినది నిజమే. నొక్కిన సంగతిని చూచు అవకాశమును ప్రోగ్రామునకు అతడే ఇయ్యలేదు.

ల్యాబ్‌వ్యూ పట్టీమీద ప్రోగ్రామును ఉన్నపళముగా నిలిపివేయు ఎర్రని మీట ఒకటి ఉండును గదా యని కొందరు అడుగవచ్చును. దానిని నొక్కినచో ప్రోగ్రాము ఆగును. కాని అది వెలుపలి పరికరములకు ఇచ్చిన చివరి ఆజ్ఞ సాధారణముగా అట్లే నిలిచియుండును. హీటరు వేయుమన్న ఆజ్ఞయే చివరిదైనచో, చెప్పినవాడు లేకున్నను హీటరు కాలుచునే యుండును. అందుచేత దశల అమరికలో "భద్రముగా ఆపుట" అను దశను విడిగా ఉంచి, ఏ దశనుండియైనను దానికి దారి గీయవలెను. ఆ దశలో ప్రతి పరికరమును క్షేమకరమైన స్థితికి తెచ్చి, ఆ తరువాతనే ప్రోగ్రామును ముగింపవలెను.

పది నిమిషముల నిరీక్షణను ఎట్లు చేయవలెను? ఒకేసారి పది నిమిషములు నిద్రపోరాదు. ఎదురుచూచు దశలో ప్రవేశించినప్పుడు గడియారమును గుర్తుంచుకొని, సెకనుకు పది మారులు లూపును త్రిప్పుచు, "పది నిమిషములు గడచినవా? ఆపు మీట నొక్కబడినదా? నీటి మట్టము తగ్గినదా?" అని ప్రతిసారియు చూడవలెను. కర్మాగారపు నియంత్రణ యంత్రములు స్వభావముచేతనే ఇట్లు పనిచేయును. అవి లోపలికి వచ్చు సంకేతములను చదువును, తర్కమును నెరవేర్చును, ఆజ్ఞలను వెలుపలికి పంపును, మరల మొదటికి వచ్చును. ఈ అలవాటు కళాశాలలోనే పడినవారికి రేపు కర్మాగారములో క్రొత్తదనము తోచదు.

మూడవ మెట్టు పనుల వేగములు వేరైనప్పుడు వచ్చును. ఒక కంపన సూచకమునుండి సెకనుకు వేయి విలువలు వచ్చుచున్నవనుకొందము. వానిని చదువుట, లెక్కకట్టుట, డిస్కుమీద వ్రాయుట ఒకే లూపులో ఉంచినచో, వ్రాత ఆలస్యమైనప్పుడెల్ల చదువుట ఆగి, విలువలు జారిపోవును. కనుక చదువు లూపును, వ్రాయు లూపును వేరుచేసి, వాని నడుమ క్యూ అను వరుసను ఉంచుదురు. ముందు వచ్చినది ముందు పోవును. రేషను దుకాణమువద్ద వరుస వంటిదే. దీనికి ఉత్పాదక వినియోగదారు అమరిక యని పేరు.

ఇందులోను లెక్క మరువరాదు. సెకనుకు వేయి వచ్చి చేరుచుండగా ఎనిమిది వందలే వెడలుచున్నచో, సెకనుకు రెండు వందలు మిగులును, నిమిషమునకు 12,000, గంటకు 7,20,000. వరుస ఈ తడబాటును కొంతసేపు దాచగలదేగాని తీర్చజాలదు. చివరకు కంప్యూటరు జ్ఞాపకశక్తి నిండిపోవును. అప్పుడప్పుడు వచ్చు రద్దీకి క్యూ మందు. నిత్యము ఉండు కొరతకు కాదు.

క్యూకు బదులు రెండు లూపులును ఒకే నామము గల విలువను చదివి, మార్చి, వ్రాయునట్లు చేయుట మరియొక పొరపాటు. ఇంటి ఖర్చుల పుస్తకములో నిల్వ నూరు రూపాయలని ఇద్దరు ఒకేసారి చూచి, ఒకరు ఇరువది తీసి ఎనుబది యనియు, మరియొకరు ముప్పది తీసి డెబ్బది యనియు వ్రాసినచో, చివర వ్రాసినవారి మాటయే నిలుచును. ఉండవలసినది యాబది. ఇట్టి తప్పు దినమునకొకసారి మాత్రమే బయటపడి, వెదకినప్పుడు దొరకకపోవును. ఒక విలువను ఒక లూపే మార్చవలెను. ఇతర లూపులు దానిని కోరుచు సందేశము పంపవలెను.

ఆపు ఆజ్ఞను సయితము ఈ క్యూలోనే పంపుట నేర్చువారు తరచు చేయు పని. దాని ముందు నలువది సందేశములున్నచో అది నలువది ఒకటవది. వరుసకు ముందు చేర్చు వీలు ల్యాబ్‌వ్యూలో ఉన్నది. కాని వినియోగించు లూపు అప్పటికే చేయుచున్న పని ముగియువరకు అదియు ఆగవలసినదే. కనుకనే ప్రాణములతో ముడిపడిన ఆపుదలను ఒక మామూలు ప్రోగ్రాము చేతిలో ఉంచరు. విద్యుత్కేంద్రములలో కొలిమి రక్షణకు ప్రత్యేకమైన వ్యవస్థ ఉండును. అత్యవసర మీటకు విడిగా గట్టి తీగ వేయుదురు. మన ఇంటి ప్రయోగములో ఆ తల్లి చేతికందిన గోడ స్విచ్చి చేసిన పని ఇదియే. కుర్రవాడు ఆ స్విచ్చిని అదృష్టవశమున గాక, ఉద్దేశపూర్వకముగ తన అమరికలో చేర్చుకొనవలసియుండెను. ఉష్ణోగ్రత మితిమీరినచో తనంతట తానే విద్యుత్తును త్రెంచు థర్మోస్టాటు ఒకటి హీటరు తీగలోనే ఉంచుట మరియు మంచిది.

ఎంత చక్కని అమరికయైనను తీగ లేనిచోటి సంగతి తెలిసికొనజాలదు. 2020 మే 7వ తేది తెల్లవారుజామున విశాఖపట్నము వెంకటాపురములోని ఒక కర్మాగారపు ట్యాంకునుండి స్టైరీను ఆవిరి వెలువడి పన్నెండుగురు మరణించిరి. రాష్ట్ర ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము చూపిన లోపములలో, ఆ ట్యాంకు అడుగుభాగముననే ఉష్ణోగ్రతను కొలుచు ఏర్పాటుండి, పైభాగమున లేకపోవుట యొకటి. క్రింద చల్లగా, పైన వేడిగా ఉన్నను సూచిక చల్లదనమునే చూపును. కనుక అమరికను గీయుటకు ముందు, ఏ సంగతులు తెలియవలెనో, వానిని ఎచ్చట కొలుచుచున్నారో నిర్ణయించుకొనవలెను.

నేర్చువారు కంప్యూటరును తెరువకముందే ఒక కాగితము తీసికొని నాలుగు ప్రశ్నలకు జవాబులు వ్రాసికొనవలెనని మా సలహా. తరువాత చేయవలసినది అంతకుముందు జరిగినదానిపై ఆధారపడునా? ఆధారపడనిచో ఒక్క లూపు చాలును. ఆధారపడినచో దశల అమరిక కావలెను. పనుల వేగములు వేరుగా ఉన్నవా? ఉన్నచో లూపులను విడదీసి క్యూతో కలుపవలెను. ఆపు మీట నొక్కినప్పటినుండి పరికరము ఆగువరకు ఎక్కువలో ఎక్కువ ఎంత కాలము పట్టును? కంప్యూటరే ఆగిపోయినచో పరికరము ఏ స్థితిలో నిలుచును? చివరి రెండు ప్రశ్నలకు సెకనులలోను, స్పష్టమైన మాటలలోను జవాబు రానిచో ప్రోగ్రాము ఇంకను సిద్ధము కాలేదని గ్రహింపవలెను.

పెద్ద సంస్థలలో నిపుణులు వాడు మరింత జటిలమైన అమరికలు లేకపోలేదు. పుస్తకములలో వానిని చూచి మొదటి నెలలోనే అనుకరించుటకు తొందరపడనక్కరలేదు. దశల అమరికను రెండు మూడు చిన్న పనులలో చక్కగా నడపినవారికి తక్కినవి తేలికగా పట్టుబడును. మేము పైన చెప్పిన అబ్బాయి తన నాలుగు చట్రములను తీసివేసి, ఆరు దశలుగా మరల గీచెను. ఈమారు గొట్టమును తానే ఊడదీసి చూపెను. హీటరు వెంటనే ఆగినది. తల్లిగారు మాత్రము గోడ స్విచ్చి ప్రక్కనే నిలుచుండి చూచిరి. ఆ అలవాటు మానవలదని మేము మనవి చేసితిమి.